బండి సర్వీసు: ఏ పని మనం చేసుకోవాలి, ఏది మెకానిక్‌కు అప్పగించాలి

వారంటీ ముగిసిన మోటార్‌సైకిల్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక చర్చ నడుస్తుంది. కంపెనీ సర్వీస్ సెంటరులో బిల్లు బాగా వేస్తున్నారని ఒకరంటారు, వీధి చివర షెడ్డులో ఏళ్ల తరబడి తెలిసిన మెకానిక్ ఉండగా వేరే ఆలోచన దేనికని మరొకరంటారు, నాలుగు పానాలు కొనుక్కుంటే ఇంటి ముందే చేసుకోవచ్చు కదా అని ఇంకొకరంటారు. ముగ్గురూ బండి పనులన్నిటినీ ఒకే మూట కట్టి ఒకే చోట దించాలని చూస్తున్నారు, చిక్కంతా అందులోనే ఉంది. ఆ మూట విప్పి, ఏ పనికి ఆ పనిగా నిర్ణయం తీసుకుంటే చర్చ చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

పనులను విడదీసేటప్పుడు చాలామంది సులువైనవి మనకు, కష్టమైనవి మెకానిక్‌కు అని గీత గీస్తారు. ఈ గీత సరైనది కాదని నా అభిప్రాయం. అడగవలసిన ప్రశ్నలు రెండు: ఈ పనిలో పొరపాటు జరిగితే ఏమవుతుంది, ఆ పొరపాటు నాకు ఎక్కడ తెలుస్తుంది? పాత స్ప్లెండర్ కార్బొరేటర్ విప్పి శుభ్రం చేయడం చూడడానికి భయం పుట్టించే పని, ఎందుకంటే లోపల సన్నని జెట్లు, స్ప్రింగులు, ఫ్లోటు ఉంటాయి. అయితే అందులో తప్పు జరిగితే బండి స్టార్ట్ కాదు, లేదా పెట్రోలు ఓవర్‌ఫ్లో అవుతుంది, రెండూ ఇంటి ముందే బయటపడతాయి. ముందు డిస్క్ బ్రేకు ప్యాడ్లు మార్చడం పావుగంట కూడా పట్టని పని. కానీ కొత్త ప్యాడ్లు పట్టడానికి వాటిని నొక్కే బ్రేకు పిస్టన్లను వెనక్కి నెట్టిన తరువాత, బండి కదిలించే ముందే బ్రేకు లివరును గట్టిపడేదాకా పలుమార్లు నొక్కాలని తెలియకపోతే, మొదటిసారి నొక్కినప్పుడు బ్రేకు పడదు. ఆ సంగతి కూడలిలో లారీ వెనక తెలుస్తుంది. కష్టం వేరు, ప్రమాదం వేరు. మొదటిదాన్ని ఓపికతో నేర్చుకోవచ్చు, రెండోదానికి అనుభవమున్న కన్ను దగ్గరుండాలి.

అయితే దీనికి ముందు చూసుకోవలసినది వారంటీ. బండి వారంటీలో ఉన్నంతకాలం నిర్ణీత కిలోమీటర్లకు కంపెనీ గుర్తించిన కేంద్రంలోనే సర్వీసు చేయించి, ఆ నమోదు సర్వీసు పుస్తకంలో ఉండేలా చూసుకోవాలి. సాధారణంగా వారంటీ షరతుల్లో ఈ మాట ఉంటుంది, మధ్యలో ఇంజన్‌పై మన చెయ్యి పడిందని తేలితే రేపటి క్లెయిముకు అదే అడ్డు కావచ్చు. ఉచిత సర్వీసు అంటే లేబరు ఉచితమనే అర్థం, ఆయిలుకూ మార్చిన సామానుకూ డబ్బు కట్టవలసిందే. ఈ సంగతి కొనేటప్పుడు ఎవరూ గట్టిగా చెప్పరు.

వారంటీలో ఉన్నా లేకపోయినా, ఎంత మంచి మెకానిక్ ఉన్నా, కొన్ని పనులు బండి నడిపేవారే చేసుకోవాలి, ఎందుకంటే అవి రెండు మూడు నెలలకొకసారి చేస్తే సరిపోయేవి కావు. టైర్లలో గాలి వీటిలో మొదటిది. పెట్రోలు బంకుల్లో గేజీలు ఒకదానికొకటి పొంతన ఉండవు కాబట్టి సొంత గేజీ ఒకటి కొనుక్కుని, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. కంపెనీ చెప్పిన అంకె చల్లటి టైరుకు సంబంధించినది, పది కిలోమీటర్లు నడిపాక చూస్తే లోపలి గాలి వేడెక్కి ఎక్కువ చూపిస్తుంది. ఇద్దరు ఎక్కినప్పుడు వెనక టైరుకు వేరే అంకె ఉంటుందన్నది మరవకూడదు. ఆయిల్ మట్టం చూడడం రెండోది. బండిని సమతలంపై సెంటర్ స్టాండు వేసి, ఇంజన్ కొద్దిసేపు నడిపి ఆపి, కొన్ని నిమిషాలాగి, ఆయిల్ కొలిచే కడ్డీని తుడిచి ముంచి చూడాలి. చాలా హోండా, హీరో బండ్లలో ఆ కడ్డీని మర తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి, బిగించి చూస్తే ఆయిల్ ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. బ్యాటరీకైతే ఒక చవక మల్టీమీటరు చాలు. బండి ఆపి ఉన్నప్పుడు సుమారు 12.5 వోల్టులు, ఇంజన్ వేగం పెంచినప్పుడు 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య కనిపిస్తే బ్యాటరీ ఛార్జి అవుతోందని అర్థం. ఆ రెండో అంకె రాకపోతే కొత్త బ్యాటరీ కొన్నా ఫలితం ఉండదు, లోపం ఛార్జింగు వైపు ఉంది.

చైన్ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. అందరూ సులువనుకునేదీ, ఎక్కువమంది సగం చేసి వదిలేసేదీ ఇదే. మూత లేని చైన్‌ను ఐదు వందల కిలోమీటర్లకోసారి, వానాకాలంలో అంతకన్నా ముందే, కిరోసిన్‌లో తడిపిన గుడ్డతోనో మెత్తని బ్రష్షుతోనో తుడిచి, ఆరాక లోపలి వైపు నుంచి 90 నంబరు గేర్ ఆయిలో చైన్ స్ప్రేనో వేసి, మిగులు తుడిచేయాలి. ఓ-రింగులున్న చైన్‌ను పెట్రోలుతో కడగకూడదు, రబ్బరు రింగులు పాడైతే లోపలి గ్రీజు పోతుంది. ఇంజన్ ఆపకుండా గేరు వేసి, తిరిగే చైన్‌కు గుడ్డ పట్టేవారిని ప్రతి షెడ్డులోనూ చూస్తాం. వేళ్లు పోయేది అలాగే. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తో తిప్పుతూ చేయాలి.

బిగింపు దగ్గరికొస్తే, చాలా 100, 125 సీసీ బండ్లకు చైన్ కింది వరస మధ్యలో 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట, అంటే పైకీ కిందికీ కదిలే వదులు, ఉండాలంటారు, మీ బండికి సరైన అంకె మాన్యువల్లో ఉంటుంది. చైన్ అన్నిచోట్లా ఒకేలా సాగదు కాబట్టి చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ ఎక్కడ బిగుతుగా ఉందో ముందు వెతకాలి, కొలత అక్కడే తీసుకోవాలి. వదులుగా ఉన్నచోట కొలిచి బిగిస్తే, బిగుతు భాగం వచ్చినప్పుడల్లా గేర్‌బాక్స్ బేరింగుపై భారం పడుతుంది. తరువాత వెనక ఇరుసు నట్టు వదులు చేసి, రెండువైపులా అడ్జస్టర్లను కొంచెం కొంచెంగా, గుర్తులు సమానంగా ఉండేలా తిప్పాలి. ఇరుసు నట్టు గట్టిగా బిగించాక ఆట మళ్లీ కొలవాలి, ఆ బిగింపుతో కొంత తగ్గుతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, కానీ వెనక డ్రమ్ము బ్రేకున్న బండిలో పని పూర్తి కాలేదు. చైన్ బిగించడమంటే చక్రాన్ని వెనక్కి జరపడమే, చక్రంతో పాటు బ్రేకు ప్లేటు కూడా వెనక్కి పోయి బ్రేకు రాడ్డును లాగుతుంది. ఫలితంగా పెడల్ ఆట తగ్గి, కాలు పెట్టకపోయినా షూలు డ్రమ్మును రాసుకోవచ్చు. ఐదారు కిలోమీటర్లు పోయేసరికి హబ్బు వేడెక్కి, మైలేజీ పడిపోయి, యజమాని ఇంజన్‌ను అనుమానించడం మొదలుపెడతాడు. అందుకే చైన్ బిగించిన ప్రతిసారీ బ్రేకు రాడ్డు నట్టు సరిచేసి, చక్రం స్వేచ్ఛగా తిరుగుతోందో లేదో చేత్తో తిప్పి చూసి, వెనక బ్రేకు లైటు సరైన సమయంలో వెలుగుతోందో చూసి, బ్రేకు ప్లేటును పట్టి ఉంచే కడ్డీ నట్టూ దాని పిన్నూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. మీ మెకానిక్ చైన్ బిగించి ఈ పని చేయకుండానే బండి తిరిగి ఇచ్చాడంటే, ఆయన గురించి ఒక సంగతి తెలిసినట్టే.

ఆయిల్ మార్చడం ఇంట్లో నేర్చుకోదగిన తరువాతి పని. ఇందులో తప్పు జరగగల చోట్లు మూడే ఉన్నాయి, మూడూ ముందే తెలిసినవి. మొదటిది ఆయిల్ ఎంపిక. మన బండ్లలో ఎక్కువభాగం క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి, కాబట్టి డబ్బాపై జాసో ఎంఏ లేదా ఎంఏ2 (JASO MA, MA2) అన్న గుర్తు ఉండాలి. కార్ల కోసం తయారైన కొన్ని ఆయిళ్లలో రాపిడి తగ్గించే రసాయనాలుంటాయి, అవి క్లచ్‌ను జారిస్తాయి. చిక్కదనం అంకె, అంటే 10డబ్ల్యూ-30 అయినా 20డబ్ల్యూ-50 అయినా, మాన్యువల్ చెప్పిందే వాడాలి, పెద్ద అంకె మంచిదనే నమ్మకానికి ఆధారం లేదు.

రెండోది డ్రెయిన్ బోల్టు. నేలపై పడుకుని కింది నుంచి పానా వేసినప్పుడు విప్పే దిశ తారుమారైనట్టు అనిపిస్తుంది, బలం పెట్టి బిగించే వైపే తిప్పేవారున్నారు. బోల్టు తల మీకెదురుగా ఉన్నట్టు ఊహించుకుని, గడియారానికి వ్యతిరేక దిశలో తిప్పాలి. ఇంజన్ అడుగుభాగం అల్యూమినియం, బోల్టు ఉక్కు, రెండిట్లో మరలు పోయేది ఎప్పుడూ అల్యూమినియంవే. కాబట్టి తిరిగి పెట్టేటప్పుడు మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పాలి, వేళ్లతో తిరగకపోతే బోల్టు వంకరగా ఎక్కుతోందని తెలుసుకుని తీసేయాలి. వాషరు కొత్తది వేయాలి. బిగింపుకు టార్క్ రెంచి ఉంటే మాన్యువల్లోని అంకె పెట్టి బిగించాలి, లేకపోతే పొడవు పానా కాకుండా పొట్టి పానాతో, భుజం బలం వాడకుండా మణికట్టుతో బిగించాలి. మరలు పోయినా దారి లేకపోలేదు, లేత్ షాపులో కొత్త మరల స్ప్రింగు వేస్తారు, కానీ అప్పటికి ఇంట్లో చేసుకుని మిగిల్చిన లేబరంతా పోయినట్టే.

మూడోది పరిమాణం. మాన్యువల్లో ఆయిల్ పరిమాణానికి సాధారణంగా రెండు అంకెలు ఉంటాయి: ఇంజన్ పూర్తిగా విప్పి కట్టినప్పుడు పట్టేది, ఊరికే ఆయిల్ మార్చినప్పుడు పట్టేది. రెండోది తక్కువగా ఉంటుంది, లోపల గోడలకూ సందులకూ అంటుకున్న పాత ఆయిల్ పూర్తిగా కారదు కనుక. లీటరు డబ్బా కొన్నాం కదా అని మొత్తం పోసేస్తే, ఎక్కువైన ఆయిల్ గొట్టం గుండా ఎయిర్ ఫిల్టరు పెట్టెలోకి చేరి దాన్ని తడిపేస్తుంది. కొంచెం తక్కువ పోసి, ఇంజన్ రెండు నిమిషాలు నడిపి ఆపి, కడ్డీతో చూసి, మిగతాది పోయడం మేలు.

పనిముట్ల విషయంలో ఒకే మాట: తక్కువ కొనండి, మంచివి కొనండి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో దొరికే పేరున్న కంపెనీ రింగు పానాలు, టీ పానాలు నాలుగు, ఒక ప్లగ్గు పానా, ఒక చిన్న టార్క్ రెంచి చాలు. జపాన్ డిజైన్ల నుంచి వచ్చిన మన బండ్లలో స్టార్ స్క్రూల గాడి మామూలు స్టార్ స్క్రూడ్రైవరుకు సరిగ్గా అమరదు, తిప్పగానే జారి తల అరిగిపోతుంది. జపాన్ ప్రమాణానికి చేసిన స్క్రూడ్రైవరు విడిగా దొరుకుతుంది, ఒకటి కొనుక్కుంటే ఎన్నో స్క్రూలు బతుకుతాయి. ఇవన్నీ కొని లెక్క వేసుకుంటే, వీధి మెకానిక్ తీసుకునే లేబరుతో పోల్చినప్పుడు పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. డబ్బు మిగల్చడమే ఉద్దేశమైతే సొంత సర్వీసు అంత గొప్ప మార్గమేమీ కాదు. ఏ డబ్బాలోని ఆయిల్ పోశారో, ఎంత పోశారో, ఏ బోల్టు ఎంత బిగించారో కచ్చితంగా తెలియడమే దాని లాభం.

ఇక మెకానిక్‌కే ఇవ్వవలసిన పనులు. డిస్క్ బ్రేకు ఆయిల్ మార్చి గాలి తీయడం, ముందు ఫోర్కులు, హ్యాండిల్ కింది కోన్ సెట్టు, చక్రాల బేరింగులు, క్లచ్ ప్లేట్లు, ఇంజన్ హెడ్డు విప్పవలసిన ప్రతి పనీ ఈ కోవలోకి వస్తాయి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుని క్రమంగా నాణ్యత కోల్పోతుంది కాబట్టి సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమంటారు, మన దగ్గర మాత్రం బ్రేకు పనిచేస్తున్నంతకాలం దాని జోలికే ఎవరూ పోరు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలతో చాలా బండ్లలో కార్బొరేటర్ల స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఈ బండ్లలో పెట్రోలు గొట్టంలో దాదాపు 3 బార్ ఒత్తిడి ఉంటుంది. పాత బండిలో లాగినట్టు ఆ గొట్టాన్ని లాగితే పెట్రోలు చిమ్ముతుంది, పక్కన వేడి సైలెన్సరు ఉంటుంది. మీటరులో ఇంజన్ గుర్తు వెలిగి ఆరకపోతే స్కానరున్న చోటికి తీసుకెళ్లాలి, ఊహతో సెన్సర్లు మార్చుకుంటూ పోతే బిల్లు పెరుగుతుంది, లైటు ఆరదు.

టప్పెట్ సెట్టింగు, అంటే ఇంజన్ వాల్వుల సందు సరిచేయడం, సంగతి విడిగా చెప్పాలి, మెకానిక్ నాణ్యత తేలేది ఇక్కడే. వాల్వుకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య చల్లటి ఇంజన్లో ఉండవలసిన సందు చాలా చిన్న బండ్లలో మిల్లీమీటరులో పదోవంతుకు అటూ ఇటూగా ఉంటుంది, దాన్ని ఫీలర్ గేజీ అనే పల్చని రేకులతో కొలవాలి. సందు ఎక్కువైతే టకటకమని శబ్దం వస్తుంది, తక్కువైతే ఏ శబ్దమూ రాదు. ఎక్కువైన సందు వల్ల చికాకే గానీ వెంటనే పెద్ద నష్టం లేదు. తక్కువైన సందు వల్ల వాల్వు పూర్తిగా మూసుకోక, వేడి వాయువులు తగిలి అంచు కాలిపోతుంది. ఇంజన్ శబ్దం చేస్తోందని ఫిర్యాదు చేసిన యజమానిని సంతోషపెట్టడానికి సందు మరీ బిగించేసి పంపే మెకానిక్కులున్నారు. బండి నిశ్శబ్దంగా నడుస్తుంది, యజమాని మెచ్చుకుంటాడు, కొన్ని నెలలకు పికప్ పోతుంది. వేడిగా ఉన్న ఇంజన్‌ను అప్పటికప్పుడు విప్పి, రేకు వాడకుండా వేలి అంచనాతో సెట్టింగు చేసేవారికి ఈ పని ఇవ్వకండి.

మంచి మెకానిక్‌ను గుర్తించడానికి ఆయన మాటలకన్నా చేతులు చూడాలి. షెడ్డు ముందు స్టూలుపై అరగంట కూర్చుంటే చాలు. ప్లగ్గు పెట్టేటప్పుడు వేళ్లతో మొదలుపెడుతున్నాడా, నేరుగా పానా వేస్తున్నాడా? విప్పిన బోల్టులు ఏ పనివి ఆ పనిగా గిన్నెల్లో పెడుతున్నాడా, అన్నీ ఒకే డబ్బాలో పోస్తున్నాడా? బిగుసుకున్న నట్టుకు సరైన సాకెట్టు వెతుకుతున్నాడా, ఉలీ సుత్తీ అందుకుంటున్నాడా? పని మొదలుపెట్టే ముందు బండి ఒక చుట్టు నడిపి చూస్తున్నాడా? మార్చిన పాత సామాను అడగకముందే చూపించేవాడు, ఇది నాకు చేతకాదు ఫలానా చోటికి తీసుకెళ్లండి అని చెప్పగలిగేవాడు దొరికితే లేబరు దగ్గర బేరమాడకండి. కార్బొరేటర్ బండ్లపై ఆరితేరిన వ్యక్తికి ఇంజెక్షన్ బండ్లు తెలియకపోవచ్చు, అందులో ఆయన తప్పేమీ లేదు, మీ బండి ఏదో చూసుకుని వెళ్లవలసింది మీరే.

మొదటిసారే పెద్ద పని అప్పగించకుండా, మీకు తెలిసిన చిన్న పనితో మొదలుపెట్టడం తెలివైన పద్ధతి. చైన్ బిగించమనో ప్లగ్గు చూడమనో చెప్పి, ఇంటికొచ్చాక మీరే కొలిచి చూసుకోండి. సొంతంగా చిన్న పనులు నేర్చుకోవడం వల్ల కలిగే అసలు ప్రయోజనం ఇక్కడ అక్కరకొస్తుంది: పని తెలిసినవారికే మెకానిక్ పనితనం కనిపిస్తుంది. ఆదివారాలూ, పండగ ముందు రోజులూ, సాయంత్రం ఏడు తరువాతా వెళ్లకండి, ఎంత మంచి చెయ్యయినా తొందరలో తడబడుతుంది. వారం మధ్యలో, పొద్దున షెడ్డు తెరిచిన వేళకు వెళితే మీ బండి చల్లగా ఉంటుంది, ఆయన మనసు నిలకడగా ఉంటుంది.

మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు రోగం పేరు చెప్పకుండా లక్షణం చెప్పాలి. "అన్నా, క్లచ్ ప్లేట్లు మార్చు" అంటే మారుస్తాడు, డబ్బు తీసుకుంటాడు, సమస్య కేబులులో ఉంటే అది అలాగే ఉంటుంది. "అన్నా, నాలుగో గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మోత పెరుగుతోంది గానీ బండి ముందుకు లాగడం లేదు, వేడెక్కాక ఎక్కువగా ఉంటోంది" అని చెబితే ముందు లివరు ఆట చూస్తాడు, తరువాత ఆయిల్ ఏం పోశారని అడుగుతాడు, చివరికి ప్లేట్ల దాకా వస్తాడు. శబ్దం గురించయితే అది చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, బ్రేకు నొక్కినప్పుడా వదిలినప్పుడా, ఇంజన్ వేగంతో పెరుగుతోందా చక్రం వేగంతో పెరుగుతోందా అన్న మూడు వివరాలు ముందే గమనించి వెళ్లాలి. ఒప్పుకున్న పనికి మించి ఏదైనా విప్పవలసి వస్తే ముందు ఫోన్ చేయమని చెప్పాలి.

నీట మునిగిన బండి విషయంలో పైన చెప్పిన విభజన ఇంకో రకంగా పనిచేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు, నీళ్లు తీసిన మరుక్షణం బండి స్టార్ట్ అవుతుందో లేదో చూడాలన్న ఆత్రం ఎవరికైనా సహజమే. అప్పుడు అసలు చేయకూడని పని అదే. సిలిండరులో నీరుంటే అది గాలిలా నొక్కుకోదు, సెల్ఫ్ నొక్కితే కనెక్టింగ్ రాడ్డు వంగవచ్చు. తాళం చెవి తిప్పకుండా, బ్యాటరీ తీగ ఊడదీసి, బండి ఎంతవరకు మునిగిందో ఫోటోలు తీసి, ఇన్సూరెన్స్ ఉంటే ముందు వారికి తెలియజేయాలి. క్లెయిము చేసే ఉద్దేశముంటే సర్వేయరు చూసేదాకా ఇంజన్ విప్పించకూడదు. క్లెయిము లేదనుకుంటే ప్లగ్గు తీయడం, ఆయిల్ దించడం వరకు ఇంట్లో చేసుకోవచ్చు. దిగిన ఆయిల్ తెల్లగా, చిక్కగా ఉంటే నీరు కలిసినట్టే, అక్కడి నుంచి మెకానిక్ పని. షెడ్ల ముందు బండ్లు వరస కట్టే ఆ రోజుల్లో ఈ రెండు పనులు వెంటనే చేసుకోగలగడం వల్ల లోపల తుప్పు పట్టే వేగమైనా తగ్గుతుంది.

ఎవరు చేసినా, ఒక చిన్న నోటు పుస్తకం సీటు కింద ఉంచి తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, ఆయిల్ రకం, కొన్న సామాను బిల్లు నంబరు రాసుకోండి. బండి అమ్మేటప్పుడు కొనేవారికి అది చూపించవచ్చు. కొత్త మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన అడిగే మొదటి నాలుగు ప్రశ్నలకు సమాధానం అందులోనే ఉంటుంది. ఇంట్లో దించిన పాత ఆయిల్‌ను మురుగు కాలువలో పోయకండి, ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద అది మామూలు చెత్త కాదు. పల్లెల్లో చెదలు పట్టకుండా కర్రలకు పూసే అలవాటుంది, చైన్‌కు పోసే అలవాటూ ఉంది, ఆ రెండోది మాత్రం మానేయాలి, అందులోని లోహపు నలుసులు చైన్‌ను ఇంకా అరగదీస్తాయి. మూతబిగుతైన పాత డబ్బాలో పోసి, ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు మెకానిక్ దగ్గరి డ్రమ్ములో పోస్తే, వాడిన ఆయిల్ కొనేవారు అక్కడికే వచ్చి తీసుకెళతారు.